నాన్న, బాబాయి, మధ్యలో ఫోను

ప్రశ్న: మాది తెనాలి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు, 66 ఏళ్ళు. బాబాయి గుంటూరులో ఎరువుల కొట్టు నడుపుతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇద్దరివీ వేరువేరు పార్టీలే. అయినా ఓట్ల రోజున కూడా కలిసే భోంచేసేవాళ్ళు. 2024 ఎన్నికల దగ్గర్నుంచి మాటల్లేవు. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో మీద మొదలైన గొడవలో నాన్న 'నీలాంటి వాళ్ళ వల్లే రాష్ట్రం నాశనమైంది' అన్నారు. బాబాయి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. నానమ్మ పోయి ఆరేళ్ళయింది. మొన్న ఆబ్దికం మొదటిసారి ఇద్దరూ వేరువేరుగా పెట్టారు. నాన్న ఇదివరకు పెరట్లో మొక్కలు చూసుకునేవారు. ఇప్పుడు రోజంతా యూట్యూబ్, ఫేస్‌బుక్. ఒకే పార్టీని తిట్టే వీడియోలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. బాబాయి ఫోన్లో సరిగ్గా దీనికి తిరగేసినట్టు ఉంటుందని పిన్ని చెప్పింది. రెండో వైపు వాదన కూడా తెలుస్తుందని బాబాయి చూసే ఛానళ్ళ వీడియోలు నాన్నకు పంపాను. కోపం ఇంకా పెరిగింది. ఇదంతా అల్గారిథమ్ చేసిన పనేనా? సెట్టింగులు మారిస్తే మా నాన్న మళ్ళీ మామూలు మనిషి అవుతారా?
ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆబ్దికం దగ్గరే ఆగిపోయాను. ఓట్లు ఎవరికి వేసుకున్నా ఆ ఇద్దరూ ఇన్నేళ్ళూ అమ్మకు కలిసే పిండం పెట్టారు. పార్టీలు అప్పుడూ ఉన్నాయి. మరి ఇప్పుడు మధ్యలోకి వచ్చిందేమిటి? అది తేల్చుకోకుండా సెట్టింగుల్లోకి వెళ్తే పెద్దగా లాభం ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ నాన్నగారికి ఆ పార్టీ మీద అభిమానం ఫోన్ పెట్టింది కాదు. కానీ అవతలి పార్టీవాడంటే ఎలా ఉంటాడో ఆయన కళ్ళ ముందు రోజూ బొమ్మ గీసి పెడుతున్నది మాత్రం ఫోనే. ఆ వైపు ఉన్న లక్షలమందిలో అందరికన్నా నోరు పారేసుకునేవాణ్ణి, అందరికన్నా దిగజారి మాట్లాడేవాణ్ణి ఏరి తెచ్చి చూపిస్తుంది. చూడగా చూడగా సొంత తమ్ముడి మొహంలో కూడా ఆ మనిషే కనపడటం మొదలవుతుంది. 'నీలాంటి వాళ్ళ వల్లే' అన్నారు కదా, ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది గుంటూరులో కొట్టు పెట్టుకుని బతుకుతున్న మీ బాబాయి అయి ఉండడు. ఫోన్లో రోజూ చూసే ఆ ఎవరో అయి ఉంటారు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మనం యాప్ తెరిచేసరికి చూపించడానికి వందల పోస్టులు, వీడియోలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఏది ముందు, ఏది వెనక అని లెక్క కట్టేదే అల్గారిథమ్. దానికి పార్టీ లేదు, కులం లేదు, ఎవరి మీదా పగ లేదు. ఈ మనిషి దేని దగ్గర ఆగుతాడు, దేనికి కామెంట్ పెడతాడు, దేన్ని పదిమందికి పంపుతాడు అని చూసుకుంటూ పోతుంది, అంతే. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన లెక్కను మార్చింది. స్నేహితుల మధ్య, చుట్టాల మధ్య మాటామంతీ పెరగాలన్నది వాళ్ళు చెప్పిన ఉద్దేశం. 2021లో ఫ్రాన్సిస్ హౌగెన్ అనే మాజీ ఉద్యోగిని కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టాక ఆ లెక్క సంగతి లోకానికి తెలిసింది. లైక్ కొడితే 1 పాయింటు. షేర్ చేస్తే 5. కోపం బొమ్మ, నవ్వు బొమ్మ లాంటివి పెడితే 5. ఆలోచించి పొడుగ్గా కామెంట్ రాస్తే ఇంకా చాలా ఎక్కువ.

మీ నాన్నగారు లెక్కల మాస్టారు కాబట్టి ఈ చిన్న లెక్క ఆయన చేతే వేయించండి. కాలువకి నీళ్ళు వదిలారన్న వార్త ఒకటి ఉందనుకోండి. దానికి 100 మంది లైక్ కొట్టారు, నలుగురు షేర్ చేశారు. మొత్తం 120 పాయింట్లు. ఒక నాయకుణ్ణి బూతులు తిట్టిన పోస్టు ఇంకొకటి. దానికి 10 లైకులు, 40 కోపం బొమ్మలు, 20 షేర్లు. 10, 200, 100 కలిపితే 310. మొదటిదాన్ని ముట్టుకున్నది 104 మంది, రెండోదాన్ని 70 మందే. అయినా రెండోదే పైకి వస్తుంది. అసలు లెక్కలో ఇంకా బోలెడు విషయాలు కలుస్తాయి, పాయింట్లు కూడా ఎప్పటికప్పుడు మారుతూ వచ్చాయి. కోపం బొమ్మ విలువను తగ్గించుకుంటూ వచ్చి 2020 సెప్టెంబరులో సున్నా చేశారు. కానీ అప్పటిదాకా, ఒళ్ళు మండి ఆ ఎర్రబొమ్మ నొక్కినవాడు 'నాకిది నచ్చలేదు' అని చెప్పాననుకున్నాడు. యాప్‌కి వినపడింది 'ఇలాంటివి ఇంకా పంపు' అని.

ఆ కాగితాల్లో నన్ను ఇంకా బాధపెట్టిన సంగతి పోలండ్‌ది. అక్కడ ఒక పార్టీ సోషల్ మీడియా విభాగం వాళ్ళు ఫేస్‌బుక్‌తో చెప్పుకున్నారు: ఇదివరకు మేము పెట్టేవాటిలో సగం మంచి చెప్పేవి, సగం ఎదుటివాళ్ళను విమర్శించేవి ఉండేవి, మీ లెక్క మారాక నూటికి 80 విమర్శలే పెట్టాల్సి వస్తోంది అని. అంటే లెక్క చూసేవాళ్ళ దగ్గరే ఆగలేదు. పోస్టులు తయారుచేసేవాళ్ళకు కూడా ఏం తయారుచేయాలో నేర్పింది.

మన తెలుగులో ఇది ఎలా ఉంటుందో తెలియాలంటే ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన ఫోన్లో వచ్చే వీడియోల మీద రాసి ఉన్న మాటలు ఒక కాగితం మీద ఎక్కించండి. ఉతికి ఆరేశాడు. ఏకిపారేశాడు. చుక్కలు చూపించాడు. కడిగి పారేశాడు. ఇచ్చిపడేశాడు. పరువు తీసేశాడు. అడ్డంగా దొరికిపోయాడు. అసెంబ్లీలో బడ్జెట్ గురించి మాట్లాడినా ఇవే మాటలు, ఊళ్ళో రోడ్డు గురించి మాట్లాడినా ఇవే మాటలు. ఒకరు చెప్పింది ఇంకొకరు విన్నట్టు, ఒప్పుకున్నట్టు, సందేహపడినట్టు ఒక్క క్రియ కూడా కనపడదు. ఎర్ర అక్షరాలు, పసుపు అక్షరాలు, ఒక పక్క వేలు చూపిస్తూ ఒక మొహం, ఇంకో పక్క తల దించుకున్న మొహం. తల దించుకున్న ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పది నిమిషాల వీడియోలో అసలు ముక్క అర నిమిషం ఉంటుంది. దాన్నే నాలుగుసార్లు తిప్పి తిప్పి వేస్తారు. తయారుచేసేది చాలాసార్లు ఒక చిన్న గదిలో, అద్దె కట్టుకోవాల్సిన ఒక కుర్రాడు. 'కాలువ పనులు ఎక్కడిదాకా వచ్చాయి' అని పెడితే చూసేవాళ్ళు వందల్లో, 'ఉతికి ఆరేశాడు' అని పెడితే లక్షల్లో ఉంటారని అతనికి తన ఫోనే చెబుతుంది. అతన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ అతను పెట్టిన ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్ళలో అన్నం దగ్గర గొడవగా మారుతోందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇది నా ఒంటి మీదికి కూడా వచ్చింది. నా ఫోన్లో ఎప్పుడూ పాత పాటలు, వంటలు, క్రికెట్ ముక్కలే వచ్చేవి. ఎన్నికల ముందు ఒక చుట్టం పంపితే అలాంటి వీడియో ఒకటి చివరిదాకా చూశాను. కోపం వచ్చింది. ఆ కోపంతోనే కింద కామెంట్లన్నీ చదువుకుంటూ పోయాను. మర్నాడు అలాంటివి మూడు వచ్చాయి. వారం తిరిగేసరికి వంటలు అడుగుకి పోయాయి. ఒకరోజు కూరగాయలు కొంటుంటే పక్కనున్న ఆయన ఆ పార్టీ పేరెత్తి ఏదో మంచిమాట చెప్పాడు. ఆయన మాట పూర్తి కాకముందే నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన ఎవరో నాకు తెలియదు. చేతిలో అరకిలో బెండకాయల సంచి ఉంది, చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. అలాంటి మనిషి మీద అంత అసహ్యం నాలోకి ఎక్కడి నుంచి వచ్చిందని ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను.

నా ఒక్కరి అనుభవం సాక్ష్యం కాదంటారేమో. 2019 ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్ పరిశోధకులే మన దేశంలో ఒక పరీక్ష ఖాతా తెరిచారు. ప్రొఫైల్లో రాసింది ఏమిటంటే, 21 ఏళ్ళ అమ్మాయి, సొంతూరు హైదరాబాదు, ఉండేది జైపూర్. ఆ ఖాతాకి స్నేహితులు లేరు, పార్టీ లేదు. ఫేస్‌బుక్ ఏ పేజీ చూడమంటే ఆ పేజీ, ఏ గ్రూపులో చేరమంటే ఆ గ్రూపు, అంతే. పది రోజులకి పుల్వామా దాడి జరిగింది. ఆ తర్వాత ఆ ఖాతాలోకి వచ్చింది చూడండి: ద్వేషం, అబద్ధపు వార్తలు, మార్ఫింగ్ ఫోటోలు, తెగిపడిన శరీరాలు. మూడు వారాల్లో చూసినన్ని శవాల ఫోటోలు నా జీవితం మొత్తంలో చూడలేదని ఆ పరిశోధన చేసిన వ్యక్తి రాసుకున్నారు. ఆ అమ్మాయి నిజంగా ఉండి ఉంటే, మన హైదరాబాదు పిల్ల, ఏమయ్యేదో అనిపిస్తుంది నాకు.

ఇక్కడితో ఆపేస్తే మీ ప్రశ్నకు 'అవును, అంతా దాని పనే' అని చెప్పినట్టవుతుంది. అది న్యాయం కాదు. ఎందుకంటే అల్గారిథమ్ తీసేస్తే ఏమవుతుందో కూడా చూసినవాళ్ళున్నారు.

2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీతో కలిసి విశ్వవిద్యాలయాల పరిశోధకులు పెద్ద ప్రయోగాలే చేశారు. 2023 జూలైలో సైన్స్, నేచర్ పత్రికల్లో ఫలితాలు వచ్చాయి. ఒకదాంట్లో 20 వేలమందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్ళను తీసుకుని, వాళ్ళలో కొంతమందికి అల్గారిథమ్ లేకుండా, ఏది కొత్తగా వస్తే అది ముందు కనపడేలా మూడు నెలలు పెట్టారు. వాళ్ళు ఫోన్ చూసే సమయం తగ్గింది. రాజకీయ ద్వేషం మాత్రం తగ్గినట్టు కనపడలేదు. ఇంకోదాంట్లో 23,377 మందిని తీసుకుని, వాళ్ళలో కొంతమందికి తమ మాటే మాట్లాడేవాళ్ళ పోస్టులను మూడో వంతు తగ్గించి చూశారు. అందులోనూ అంతే. ఆ నెలల్లోనే కంపెనీ అల్గారిథమ్‌లో అత్యవసర మార్పులు చేసి ఉందని, కాబట్టి ఆ ఫలితాలను మామూలు రోజులకు అన్వయించకూడదని 2024లో వేరే పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో బలం ఉందని నేనూ అనుకుంటాను. అయినా ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. మనసులో చాలా ఏళ్ళుగా పేరుకున్నది మూడు నెలలు ఫీడ్, అంటే ఫోన్లో పోస్టులు వచ్చే వరస, మార్చగానే కరిగిపోదు. 'సెట్టింగులు మారిస్తే మామూలు మనిషి అవుతారా' అన్నదానికి అందుకే నేను అవునని చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి. అమెరికాలో ఈ చీలిక ఎవరిలో ఎక్కువ పెరిగిందో ముగ్గురు ఆర్థికవేత్తలు 2017లో లెక్క తీశారు. ఇంటర్నెట్ బాగా తక్కువగా వాడే 75 ఏళ్ళు దాటినవాళ్ళలోనే ఎక్కువ పెరిగింది. వాళ్ళ ముందున్నది టీవీ. మన సంగతి వేరే చెప్పాలా? ఏ పార్టీ ఇంట్లో ఏ పేపరు వస్తుందో, ఏ ఛానల్ మోగుతుందో ఫోన్లు రాకముందే మనకు తెలుసు. పల్నాడు ఊళ్ళలో, మీ గుంటూరు వైపు ఊళ్ళలో రెండు పార్టీలు, రెండు రచ్చబండలు తాతల నాటి నుంచీ ఉన్నవే. ఫోన్ పుట్టకముందే కక్షలు మన దగ్గర ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో అయితే అల్గారిథమ్ ఎంచి చూపించడం అనేదే లేదు. ఎవరు పంపితే అది, పంపిన వరసలో వస్తుంది. మీ ఇంట్లో గొడవ మొదలైంది అక్కడే. ఆ వీడియోని తయారుచేయించింది యూట్యూబ్ లెక్క అయి ఉండవచ్చు, గ్రూపులో పెట్టింది మాత్రం మీ చుట్టాల్లో ఒకరి వేలు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అలాంటిది ఇది. అందులో పెద్ద పిడికెడు ఆ కంపెనీలదేనన్నది నా నమ్మకం, ఎందుకంటే ఆ లెక్క మార్చే అధికారం వాళ్ళ ఒక్కరికే ఉంది.

మార్చితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుందనడానికి ఈమధ్యే ఒక ఆధారం దొరికింది. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం నడుస్తుండగా 1,200 మందికి పైగా ఎక్స్ (ఇదివరకటి ట్విట్టర్) వాడేవాళ్ళతో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కంపెనీ అనుమతి అడగలేదు. బ్రౌజర్లో చిన్న ప్రోగ్రాం పెట్టి, అవతలి పార్టీ మనుషుల మీద పగ రగిలించే పోస్టులను కిందికి జరిపారు. రాజకీయం తీసేయలేదు, విమర్శ తీసేయలేదు, పగను మాత్రమే వెనక్కి నెట్టారు. పది రోజుల్లో అవతలి పార్టీవాళ్ళ మీద మనసు 100కి 2 పాళ్ళు మెత్తబడింది. వినడానికి చిన్నదే. కానీ అమెరికాలో మామూలుగా అంత తేడా రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుందని వాళ్ళ అంచనా. అదే పోస్టులను పైకి జరిపినప్పుడు మనసు అంతే గట్టిపడింది. నేను మొదట్లో చెప్పింది దీన్నే. రాజకీయం చూడటం వల్ల అన్నదమ్ములు విడిపోరు. రోజూ పగే ముందు వరసలో కనపడటం వల్ల విడిపోతారు.

మీరు బాబాయి ఛానళ్ళ వీడియోలు పంపిన సంగతికి వస్తాను. మంచి మనసుతోనే చేశారు, ఎవరైనా అదే చేస్తారు. కానీ అది ఎందుకు ఎదురుతన్నిందో తెలుసుకోండి. అమెరికాలో క్రిస్ బెయిల్ అనే సామాజికశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ట్విట్టర్ వాడేవాళ్ళకు డబ్బిచ్చి, నెలపాటు అవతలి పక్షం పోస్టులు రోజూ చూసేలా చేశారు. రెండో వైపు కూడా తెలిస్తే మెత్తబడతారని ఆశ. అక్కడి రెండు పెద్ద పార్టీల్లో రిపబ్లికన్లు తమ వైపు ఇంకా గట్టిగా ఒరిగిపోయారు. డెమొక్రాట్లలో కూడా మెత్తబడిన జాడ లేదు. మీ నాన్నగారికి మీరు పంపింది బాబాయి ఆలోచన కాదు కదమ్మా. బాబాయి ఫోన్లోకి వచ్చే తిట్లు. అవి ఆయన పార్టీని ఉతికి ఆరేసే వీడియోలు. పుండు మీద కారం పడింది. దయచేసి ఇక పంపకండి.

ఫోన్ మొత్తం లాక్కోవడం కూడా పనికిరాదు. 2018లో అమెరికాలో కొంతమంది చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు. రోజుకు దాదాపు గంట మిగిలింది, ఇంట్లోవాళ్ళతో గడిపారు, కాస్త సంతోషంగా కూడా ఉన్నారు. ప్రభుత్వ విధానాల మీద అభిప్రాయాల దూరం కొంత తగ్గింది. అవతలి పార్టీ మనుషుల మీద అయిష్టం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మనిషి మీద పోయిన మనసు మనిషి ఎదురుపడితేనే తిరిగొస్తుందని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది.

ఇక మీరేం చేయాలి? ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నాన్నగారు నిద్రపోయాక ఫోన్ తీసి సెట్టింగులు మార్చకండి. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. కూతురు తనకు తెలియకుండా తన ఫోన్ సరిచేసిందని తెలిస్తే ఆయన పరువు పోయినట్టు బాధపడతారు, మీరు బాబాయి వైపు చేరారని కూడా అనుకుంటారు. పక్కన కూర్చోండి. పాయింట్ల లెక్క ఆయన చేత వేయించండి. హైదరాబాదు అమ్మాయి పేరుతో తెరిచిన ఆ ఖాతా కథ చెప్పండి. 'నాన్నా, నీ పార్టీ గురించి నేనేం మాట్లాడను, ఈ వీడియో నీకే ఎందుకు వచ్చిందో చూద్దాం' అని మొదలుపెట్టండి. ఆయన వేసే ప్రశ్నలకు మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. లెక్కల మనిషికి లెక్క అర్థమైతే చాలు, మిగతాది ఆయనే పట్టుకుంటారు. పైగా ఒకడు తన కోపాన్ని లెక్క వేసి వాడుకుంటున్నాడని తెలిస్తే ఎవరికైనా పౌరుషం వస్తుంది.

ఆయన సరేనంటే, ఆయన చేత్తోనే ఇవి చేయించండి. యూట్యూబ్‌లో ఆటోప్లే (ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవడం) ఆపడం, వాచ్ హిస్టరీ (ఇంతవరకు చూసిన వీడియోల జాబితా) చెరిపేసి ఆఫ్ చేయడం. 2023 నుంచి హిస్టరీ లేకపోతే హోమ్ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది, కావలసింది ఆయనే వెతుక్కోవాలి. మరీ ఖాళీ ఇష్టపడకపోతే, తిట్ల ఛానల్ వచ్చినప్పుడల్లా పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'డోంట్ రికమెండ్ ఛానల్' అనమనండి. ఫేస్‌బుక్‌లో 'ఫీడ్స్' అని విడిగా ఉంటుంది, అందులో స్నేహితుల పోస్టులు తేదీ వరసలో వస్తాయి. ఆయన పార్టీ నాయకుడి ప్రసంగం పూర్తిగా వినాలంటే విననివ్వండి. గంట ప్రసంగం విన్నందువల్ల ఎవరూ తమ్ముణ్ణి దూరం చేసుకోరు.

పిన్నిగారితో కూడా ఫోన్లో మాట్లాడి, గుంటూరులో అదే పని చేయమని అడగండి. ఒక్క వైపే చేస్తే నాన్నగారిని మాత్రమే తప్పుపట్టినట్టు ఉంటుంది.

అడగాలా వద్దా అని సందేహిస్తూనే ఇంకో మాట అడుగుతున్నాను. వాళ్ళిద్దరి మధ్య నిజంగా పార్టీయేనా ఉన్నది? నానమ్మ పోయాక ఇల్లు, పొలం, నగల దగ్గర ఏదైనా చెప్పుకోని మాట మిగిలిపోయిందా? పార్టీ మీద అరవడం తేలిక, 'అమ్మ గాజుల సంగతి నాకెందుకు చెప్పలేదు' అని అడగడం కష్టం. చాలా ఇళ్ళలో చూశాను, లోపలి బాధ పార్టీ పేరుతో బయటికి వస్తుంది. పిన్నికి తెలిసే ఉంటుంది. అలాంటిది ఏదైనా ఉంటే ఫోన్ సంగతి తర్వాత, ముందు అది తేల్చాలి. మీ మేనత్తలో, ఇద్దరూ మాట వినే పెద్దవాళ్ళో ఉంటే వాళ్ళకు వదలండి, మీరు మధ్యలో నిలబడకండి.

ఏమీ లేదు, ఇది ఆ ఒక్క మాట వల్ల వచ్చిన దూరమే అంటే, రాజీ సమావేశాలు, క్షమాపణలు అప్పుడే పెట్టకండి. 'నువ్వు తప్పన్నావు, నువ్వు ముందన్నావు' అని మళ్ళీ మొదటికొస్తుంది. ఇద్దరికీ రాజకీయం అంటని ఒక పని కావాలి. మీ ఉత్తరంలోనే అది ఉంది. నాన్నగారికి పెరట్లో మొక్కలు. బాబాయికి ఎరువుల కొట్టు.

ఈసారి వెళ్ళినప్పుడు నాన్నగారిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళండి. ఇన్నాళ్ళూ చూసుకోలేదు కాబట్టి ఏదో ఒక మొక్కకు తెగులు పట్టే ఉంటుంది. ఆకు ముడుచుకుని ఉంటుంది, లేకపోతే అడుగున తెల్లగా పురుగు ఉంటుంది. ఆకు తిప్పి దగ్గర నుంచి ఫోటో తీయండి. నాన్నగారికి చెప్పే బాబాయికి పంపండి, దొంగతనంగా వద్దు. 'బాబాయ్, నానమ్మ పెట్టిన చెట్టు ఇలా అయిపోతోంది, ఏం కొట్టాలి' అని అడగండి. నానమ్మ పెట్టింది ఏదీ లేకపోతే ఆ మాట కల్పించి రాయకండి, చెట్టు పేరు రాస్తే చాలు. ఇరవై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషి ఆకు ఫోటో చూసి ఊరుకోలేడు. ఎండ ఎంత పడుతోంది, నీళ్ళు ఎన్ని పోస్తున్నారు, ఎప్పటి నుంచి ఇలా ఉంది అని నాలుగు ప్రశ్నలు వేస్తాడు. వాటికి జవాబు మీకు తెలియదు, నాన్నగారికే తెలుసు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన పక్కన పెట్టండి.